రాతిలో నీళ్ల గురించి శేఖర్‌కు

ప్రియమైన శేఖర్,

నీ ఉత్తరం అందింది. రాయి అంటే రాయే కదా, అందులో నీళ్లెక్కడుంటాయి, పాతిక అడుగుల ఎడంలో రెండు బోర్లు వేస్తే ఒకదాంట్లో నీళ్లు తన్నుకొచ్చి రెండోదాంట్లో ఒట్టి దుమ్మే ఎందుకు లేస్తుంది అని అడిగావు. ఇన్నేళ్లుగా నేను చేస్తున్న పనంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోందిరా. అందుకే తీరిగ్గా రాస్తున్నాను, నువ్వూ తీరిగ్గా చదువు.

గ్రానైట్ నేలలో మట్టి కింద మొరం ఉంటుంది. చూడ్డానికి రాయిలాగే ఉంటుంది, రాతి చారలు కూడా చెక్కుచెదరవు. కానీ చేత్తో నలిపితే పొడైపోతుంది. వాననీళ్లు లక్షల ఏళ్లు లోపలికి ఇంకి, అందులోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని బంకమట్టిగా మార్చేశాయి. మొరం కింద పగుళ్ల రాయి, దాని కింద పగుళ్లు బాగా పలచబడిన గట్టి రాయి. స్థూలంగా చెప్పాలంటే, ఒక ఘనమీటరు మంచి మొరం నుంచి 50 లీటర్ల దాకా నీళ్లు రావచ్చు. పగుళ్ల రాయి నుంచి 10 లీటర్లు వస్తే గొప్ప. గట్టి రాయి నుంచి వచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

అలాంటప్పుడు మొరంలోనే బోరు ఆపేస్తే సరిపోదా అంటావేమో. సరిపోదు. బంకమట్టి నిండిన ఆ సందుల్లో నీళ్లు కదలడానికి చాలా టైం పడుతుంది. మొరం గాదె లాంటిది, పగుళ్లు దారి లాంటివి. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్లే బోర్లు ఫెయిలవుతున్నాయని నా అభిప్రాయం.

పగులు లెక్క చెబితే నమ్మవు. పగులు వెడల్పు రెట్టింపైతే అందులో పారే నీరు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. అంటే ఒక మిల్లీమీటరు పగులు ఒక్కటి, మిల్లీమీటరులో పదో వంతు ఉండే సన్న పగుళ్లు వెయ్యి కలిసి మోసినంత నీటిని మోస్తుంది. కానీ నిల్వ చూస్తే ఆ వెయ్యి సన్న పగుళ్లలో, పెద్దదాంట్లో ఉన్నదానికి వంద రెట్లు నీళ్లుంటాయి. ఇది నున్నటి గోడలున్న పగులుకు వేసే లెక్క. నిజమైన పగులు గోడలు గరుగ్గా ఉంటాయి, అక్కడక్కడా ఒకదాన్నొకటి తాకుతుంటాయి, అందుకే నీళ్లు పగులంతా పరుచుకోకుండా సన్నటి పాయలుగా వెళ్తాయి. నీ రెండు బోర్లలో ఒకదానికి ఆ పాయ తగిలింది, రెండోదానికి తగల్లేదు, అంతే.

స్వీడన్‌లో స్ట్రిపా అనే పాత ఇనుప గనిలో దీన్ని కళ్లకు కట్టినట్టు చూపించారు. నేల కింద సుమారు 360 మీటర్ల లోతున ఒక సొరంగం తవ్వి, దాని పైకప్పుకు వందల ప్లాస్టిక్ షీట్లు బిగించి, ఏ షీటులోకి ఎన్ని నీళ్లు కారుతున్నాయో విడివిడిగా కొలిచారు. నీళ్లలో ఎక్కువ భాగం కొద్దిపాటి షీట్లలోకే వచ్చింది. చాలా షీట్లు పొడిగానే ఉండిపోయాయి.

సరే, అసలు ఆ పగుళ్లు ఎలా వచ్చాయి? భూమి కదలికల వల్ల వచ్చినవి ఉన్నాయి, పైనున్న బరువు కొట్టుకుపోయాక రాయి సడలి విచ్చుకున్నవీ ఉన్నాయి. అయితే గ్రానైట్‌లోని నల్ల అభ్రకం, అదే బయోటైట్, నీటితో మార్పు చెందేటప్పుడు ఉబ్బుతుంది. పక్కల ఉన్న రాయి అడ్డుపడుతుంది కాబట్టి అది పైకి తన్నాలి. దాంతో నేలకు సమాంతరంగా పగుళ్లు విచ్చుకుంటాయి. ఫ్రెంచ్ భూగర్భ శాస్త్రవేత్తలు కొందరు పగుళ్ల రాయిలో ఎక్కువ భాగం ఇలా పుట్టిందేనని గట్టిగా వాదించారు. నాకూ ఆ మాటే సబబనిపిస్తుంది, ఎందుకంటే నేను చూసిన బోర్లలో నీళ్లు ఎక్కువసార్లు మొరం అడుగునే తగిలాయి. అందుకే లోతుకు వెళ్లేకొద్దీ నీళ్లు పెరుగుతాయని ఎవరైనా అంటే నాకు బాధేస్తుంది. ఆ పగుళ్ల పొర దాటాక వేసే ప్రతి అడుగుకూ ఆశ తగ్గుతూ వస్తుంది. ఇంకో పొరపాటు, కేసింగ్ పైపును అవసరానికి మించి దించడం. మొరం కూలకుండా ఆపాల్సిన పైపు, దాని అడుగున ఉన్న ఊటనే మూసేస్తుంది.

లోతున ఏమీ ఉండదని కాదు. రష్యాలోని కోలా బోరు 12,262 మీటర్లు వెళ్లింది, కిలోమీటర్ల లోతున కూడా నీళ్లున్న పగుళ్లు కనిపించాయి. వియత్నాం తీరంలో బాక్ హో దగ్గర పగిలిన గ్రానైట్ నుంచి ఏకంగా చమురే తీస్తున్నారు. కానీ అవి వేరే కథలు, బోరు వేసుకునేవాడికి పనికిరావు.

పంపింగ్ టెస్ట్, అంటే బోరులోంచి నీళ్లు తోడుతూ మట్టం ఎలా తగ్గుతోందో కొలవడం, చేసేటప్పుడు నాకు ఇష్టమైన ఘట్టం ఒకటుంది. మోటారు వేయగానే మట్టం గబగబా పడిపోతుంది, అది పగుళ్లు ఖాళీ అవుతున్న గుర్తు. కాసేపటికి పడటం నెమ్మదిస్తుంది. చుట్టూ ఉన్న సన్న సందుల నుంచి, మొరం నుంచి నీళ్లు పగుళ్లలోకి దిగడం మొదలైందన్నమాట. ఆ తర్వాత మళ్లీ పడుతుంది, ఈసారి రెండూ కలిసే తగ్గుతాయి. 1960లో బారెన్‌బ్లాట్, జెల్తోవ్, కోచినా అనే సోవియట్ శాస్త్రవేత్తలు పగుళ్లనూ వాటి మధ్యనున్న రాయినీ రెండు వేర్వేరు నిల్వలుగా చూసి సమీకరణాలు రాశారు. ఈ తీరుకు లెక్క అక్కడే దొరికింది. కాగితం మీద ఆ గీత వంగినప్పుడల్లా, నేల లోపల ఒకటి ఇంకోదానికి నీళ్లు అందించడం కళ్లారా చూసినట్టే ఉంటుంది.

మొన్న ఒక బోరు దగ్గర గంటసేపు తెల్లటి పొడే వచ్చింది. ఉన్నట్టుండి గోధుమ రంగుకు తిరిగింది. ముక్క ఒకటి తీసి కడిగి భూతద్దం కింద పెట్టాను. మూడు వైపులా మెరిసే తాజా రాయి, నాలుగో వైపు చదునుగా, తుప్పు రంగు మరకతో ఉంది. బయోటైట్‌లోని ఇనుము నీళ్ల వెంట వచ్చిన ఆక్సిజన్ తగిలి తుప్పు పట్టింది. అంటే నా వేలి కింద ఉన్నది పగులు గోడ. ఇంకో నాలుగడుగులు దిగేసరికి నీళ్లు పడ్డాయి.

నువ్వు ఈసారి బోరు బండి దగ్గరికి వెళ్తే, పక్కన పోసిన రాతిపొడిలోంచి అలా మరక ఉన్న ముక్కలు రెండు ఏరి, ఎన్ని అడుగుల దగ్గర వచ్చాయో చీటీ మీద రాసి పంపరా. ఆ రెండో బోరులోంచి కూడా రెండు ముక్కలు పంపితే ఇంకా మంచిది.

నీ
మురళి