రమణకు, బాబు జ్వరం గురించి

కాకినాడ,
నవంబరు 16, 2025.

ప్రియమైన రమణకు,

నీ ఉత్తరం నిన్న సాయంత్రం అందింది. బాబుకు మొన్న రాత్రి 103 డిగ్రీల జ్వరం వచ్చిందనీ, తెల్లవారేదాకా నువ్వూ చెల్లెమ్మా చెరో పక్క కూర్చుని తడిగుడ్డలు మారుస్తూనే ఉన్నారనీ చదువుతుంటే, మా పెద్దవాడితో మేము గడిపిన అలాంటి రాత్రులన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఇప్పుడు జ్వరం తగ్గి, వాడు మళ్లీ వంటింట్లో గిన్నెలు లాగుతున్నాడని రాశావు గనుక తీరికగా జవాబు రాస్తున్నాను. ఊరు కాని ఊర్లో, ఇంట్లో పెద్దవాళ్లు లేకుండా, పద్నాలుగు నెలల పిల్లవాడికి ఒళ్లు కాలిపోతుంటే ఏది ఇంట్లో చూసుకోవాలో, దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలో తెలియడం లేదని అడిగావు. నేను డాక్టరును కాను. ఇద్దరు పిల్లలను పెంచుతూ, మా పిల్లల డాక్టరమ్మగారిని ఒకటికి పదిసార్లు అడిగి తెలుసుకున్న సంగతులే నీకు రాస్తున్నాను.

నిన్ను నిద్ర లేకుండా చేసింది జ్వరమే కాబట్టి దానితోనే మొదలుపెడతాను. థర్మామీటరులో 100.4 చేరితేనే జ్వరమని లెక్క. నుదుటి మీద చెయ్యి పెట్టి నిర్ణయించుకోవద్దు. ఒంట్లోకి చేరిన క్రిమితో శరీరం పోరాడుతున్నప్పుడు పుట్టే వేడి అది. మనం మందు పట్టేది పిల్లవాడి బాధ తగ్గడానికే గాని, థర్మామీటరులో అంకెను 98.6కు దించడానికి కాదు. 101 ఉన్నా ఆడుకుంటూ నీళ్లు తాగుతున్న పిల్లవాడిని నిద్ర లేపి మరీ మందు పోయవలసిన పని లేదు. 100 ఉన్నా కళ్లు తెరవకుండా, పాలు పట్టకుండా, పిలిస్తే పలకకుండా సోలిపోతున్న పిల్లవాడిని మాత్రం ఇంట్లో ఉంచుకోకూడదు. మూడు నెలల లోపు పసిగుడ్డుకు 100.4 వచ్చిందంటే అది ఏ వేళయినా సరే, ఆసుపత్రికి తీసుకువెళ్లవలసిందే. తడిగుడ్డ వేయాలనిపిస్తే గోరువెచ్చని నీళ్లతో వెయ్యి. చన్నీళ్లు, ఐసు వద్దు, వణుకు పుట్టి లోపలి వేడి ఇంకా పెరుగుతుంది. దుప్పట్లు కప్పి చెమట పట్టించడం కూడా వద్దు.

ఇక పారాసిటమాల్ సంగతి. ఈ ఒక్క విషయం మాత్రం రెండుసార్లు చదువు. దాని మోతాదుకు వయసు కంటే బరువు ముఖ్యం. కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు, మోతాదుకూ మోతాదుకూ మధ్య నాలుగు నుంచి ఆరు గంటల ఎడం, రోజుకు నాలుగుసార్లకు మించకూడదు. బాబు పది కిలోలున్నాడని రాశావు, కాబట్టి వాడికి ఒక్కసారికి 150 మిల్లీగ్రాములు దాటకూడదు. చిక్కంతా సీసాల దగ్గర వస్తుంది. చుక్కల మందులో ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. ఒక రకం సిరప్పులో ఐదు మిల్లీలీటర్లకు 120 ఉంటే, మరో రకంలో అదే ఐదు మిల్లీలీటర్లకు 250 ఉంటుంది. అంటే మీవాడికి చుక్కల మందయితే ఒకటిన్నర మిల్లీలీటరు, 120 సిరప్పయితే ఆరు, 250 సిరప్పయితే మూడే.

మా పాపకు రెండేళ్లప్పుడు ఒక రాత్రి జ్వరం వస్తే, నేను మందుల షాపుకు వెళ్లి ఎప్పుడూ తెచ్చే సిరప్పే అడిగాను. వాళ్లు 120 బదులు 250 ఇచ్చారు; అట్టపెట్టె రంగు ఒకటే కావడంతో నేను గమనించలేదు. అలవాటు ప్రకారం ఆరు మిల్లీలీటర్లు సిరంజిలోకి లాగి పాప నోటి దాకా తీసుకుపోయాను. అప్పటికి సీసాను దీపం కింద తిప్పి చూస్తున్న మా ఆవిడ "ఆగండి" అంటూ నా చెయ్యి పట్టుకుంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ సీసా తెచ్చినా దాని మీద ప్లాస్టరు ముక్క అంటించి, పిల్లల పేరు, ఎన్ని మిల్లీలీటర్లు, మూత తీసిన తేదీ పెన్నుతో రాసిన తరువాతే అలమరలో పెడతాము. వంటింటి చెంచాలు ఒక్కొక్కటి ఒక్కో సైజులో ఉంటాయి గనుక వాటితో మందు కొలవము. జలుబు మందు అని ఇచ్చే కొన్ని సిరప్పుల్లో కూడా పారాసిటమాల్ కలిసి ఉంటుంది. తెలియక రెండూ పడితే మోతాదు రెట్టింపవుతుంది. ఆస్పిరిన్ పిల్లలకు అసలే వద్దు. మీ వీధిలో డెంగ్యూ కేసులున్నాయన్నావు, అందుచేత డాక్టరు చూసేదాకా ఐబుప్రొఫెన్ అనే మరో జ్వరం మందు జోలికి కూడా పోవద్దు. ఇంకొక మాట. డెంగ్యూలో ప్రమాదం తరచుగా జ్వరం దిగిన తరువాతి రెండు రోజుల్లోనే వస్తుంది. జ్వరం పోయిందని మనం ఊపిరి పీల్చుకునే సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మత్తు, చేతులూ కాళ్లూ చల్లబడటం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకూడదు.

జ్వరం ఎక్కువైతే ఫిట్స్ వస్తాయేమోనని చెల్లెమ్మ భయపడుతోందని రాశావు. ఆ భయాన్ని నేను కళ్లారా చూశాను. మా పెద్దవాడు ఏడాదిన్నర వయసులో, రాత్రి పదకొండు దాటాక, నా ఒళ్లో ఉండగానే గుడ్లు తేలేశాడు. చేతులూ కాళ్లూ బిగుసుకుపోయి కొట్టుకోవడం మొదలైంది, పెదవులు నల్లబడ్డాయి, నోటి పక్క నుంచి నురగ వచ్చింది. మా అరుపులు విని పక్కింటి వాళ్లు వచ్చారు. ఒకరు తాళం చెవుల గుత్తి చేతిలో పెట్టమన్నారు, ఒకరు ఉల్లిపాయ కోసి వాసన చూపించమన్నారు, ఇంకొకరు పళ్ల మధ్య చెంచా పెట్టమన్నారు. మా ఆవిడ ఎవరి మాటా వినకుండా వాణ్ని చాప మీద పక్కకు తిప్పి పడుకోబెట్టి, మెడ దగ్గర గుండీ విప్పి, "గడియారం చూడండి" అని నాతో అంది. రెండు నిమిషాల పది సెకన్లకు ఆగిపోయింది. మరో పావుగంటకు వాడు కళ్లు తెరిచి ఏడ్చాడు. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచివచ్చింది.

ఆసుపత్రిలో చెప్పింది ఏమిటంటే, ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా కొందరు పిల్లలకు జ్వరంతో ఇలా ఫిట్స్ వస్తాయి, చాలావరకు ఐదు నిమిషాల లోపే ఆగిపోతాయి, వాటి వల్ల మెదడు దెబ్బతినదు. ఒకసారి వచ్చిన పిల్లల్లో దాదాపు మూడింట ఒకరికి మళ్లీ రావచ్చు. జ్వరం మందు వేసినంత మాత్రాన అవి ఆగుతాయన్న నమ్మకం లేదు, కాబట్టి ఆ భయంతో మందు ఎక్కువ పట్టకూడదు. ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు, చేతులూ కాళ్లూ గట్టిగా పట్టుకోకూడదు. ఐదు నిమిషాలు దాటినా, ఆగి మళ్లీ మొదలైనా, ఆగిన తరువాత పిల్లవాడు తెలివిలోకి రాకపోయినా 108కు ఫోన్ చేయాలి. మొదటిసారి వస్తే మాత్రం త్వరగా ఆగిపోయినా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి.

దగ్గు, జలుబు వచ్చినప్పుడు చూడవలసింది ఊపిరి. పిల్లవాడు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకి జరిపి, పొట్ట పైకి లేచి దిగడం ఒకటిగా లెక్కపెడుతూ, నిండా ఒక నిమిషం గడియారం చూడు. రెండు నెలల లోపు పిల్లలకు 60, ఏడాది లోపు వాళ్లకు 50, ఆ తరువాత ఐదేళ్ల దాకా 40. ఈ అంకె చేరితే అది వేగంగా ఊపిరి తీయడమే. ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద గుంట పడుతున్నా, మన పెద్దవాళ్లు చెప్పినట్టు డొక్కలు ఎగరేస్తున్నా, అది న్యుమోనియా కావచ్చు, తెల్లవారేదాకా ఆగవద్దు. ఈ లక్షణాలేవీ లేకపోతే మామూలు జలుబుకు ముక్కులో సెలైన్ చుక్కలు, తరచుగా గోరువెచ్చని నీళ్లు చాలు. గిన్నెలో సలసల మరుగుతున్న నీళ్లతో ఆవిరి పట్టవద్దు, ఆ గిన్నె ఒలికితే పసివాళ్ల ఒళ్లు కాలుతుంది. మీవాడికి ఏడాది దాటింది గనుక పడుకునే ముందు అర చెంచా తేనె ఇవ్వవచ్చు. ఏడాది లోపు పిల్లలకు మాత్రం తేనె నాకించడం ప్రమాదం, అందులో ఉండగలిగే బోట్యులిజం క్రిమిని వాళ్ల పేగులు తట్టుకోలేవు. దగ్గు సిరప్పు కొనవద్దు. మొన్ననే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషపదార్థం కలిసిన దగ్గు మందు తాగి, మూత్రపిండాలు పాడై చిన్నపిల్లలు చనిపోయిన తరువాత, రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయవద్దనీ, ఐదేళ్ల లోపు వాళ్లకు సాధారణంగా అవి తగవనీ కేంద్ర ఆరోగ్య శాఖ చెప్పింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

పోయిన నెల బాబుకు నీళ్ల విరేచనాలు అయినప్పుడు ఓఆర్‌ఎస్ ప్యాకెట్టులో కొంచెం పొడి గ్లాసు నీళ్లలో కలిపి పట్టామని రాశావు. అలా ఎప్పుడూ చేయవద్దు రమణా. లీటరు ప్యాకెట్టయితే మొత్తం పొడిని కాచి చల్లార్చిన ఒక లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి, 24 గంటల తరువాత మిగిలింది పారబోయాలి. నీళ్లు తగ్గితే ఉప్పు ఎక్కువై హాని చేస్తుంది, నీళ్లు పెరిగితే పనిచేయదు. ప్యాకెట్టు దొరకని రోజున లీటరు నీళ్లకు ఆరు టీ స్పూన్ల చక్కెర, అర టీ స్పూను ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపవచ్చు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు పిల్లలకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, చెంచాతో మెల్లగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి ఇంకా మెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి. దానితో పాటు జింకు మందు, ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు, విరేచనాలు ఆగినా మానకుండా ఇవ్వాలి. మలంలో రక్తం కనిపించినా, కళ్లు లోపలికి పోయినా, ఆరేడు గంటలుగా మూత్రం రాకపోయినా, పొట్ట మీద చర్మం చిటికెతో పట్టి వదిలితే వెంటనే సర్దుకోకపోయినా, ఇక చెంచాతో పని కాదు, ఆసుపత్రికి వెళ్లాలి.

ఈ ఉప్పూ చక్కెర నీళ్ల విలువ 1971లో పశ్చిమ బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో గట్టిగా రుజువైంది. కలరా ప్రబలి సెలైన్ సీసాలు అయిపోతున్నప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఆ ద్రావణాన్ని డ్రమ్ములలో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు నాలుగు శాతం లోపుకు దిగాయి. కన్నవాళ్ల చేతిలోని కప్పూ చెంచా అంత పని చేయగలవని తెలిసినప్పుడు నాకు ఎంతో ధైర్యం వచ్చింది. షాపులో అట్ట డబ్బాల్లో ఓఆర్‌ఎస్ పేరుతో అమ్మిన తీపి పానీయాలు మాత్రం వేరు. వాటిలో అసలు ద్రావణంలో కంటే చక్కెర ఎన్నో రెట్లు ఎక్కువ, విరేచనాలు ఇంకా పెరుగుతాయి. హైదరాబాదు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్ల పాటు పోరాడిన తరువాత, పోయిన నెలలోనే, అలాంటి పానీయాలకు ఆ పేరు వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఆదేశించింది. నువ్వు కొనేటప్పుడు ప్యాకెట్టు మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసుకో.

మీ అమ్మ వచ్చే వారం మీ దగ్గరికి వస్తోందని సంతోషం కలిగింది. లంఖణం పరమౌషధం అని అమ్మ తప్పక అంటుంది. పెద్దవాళ్లకు ఏమో గాని, పసివాళ్లకు అది పనికిరాదని మెల్లగా చెప్పు. జబ్బులో ఉన్న పిల్లవాడికి తల్లిపాలు, జావ, మెత్తగా చేసిన చారన్నం, పెరుగన్నం కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టాలి. తగ్గిన తరువాత రెండు వారాల పాటు రోజుకు ఒక పూట అదనంగా పెట్టాలి. ఆముదం పట్టడం, వస కొమ్ము అరగదీసి నాకించడం, ముక్కులో చెవిలో నూనె పోయడం మాత్రం ఒప్పుకోవద్దు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ముకు దారితీస్తుంది. అయితే అమ్మ చెప్పేవన్నీ తోసిపుచ్చకు. మా పాపకు ఆటలమ్మ పోసినప్పుడు మా అమ్మ గుమ్మానికి వేపమండలు కట్టి, బయటివాళ్లను లోపలికి రానివ్వలేదు. చూడవచ్చిన డాక్టరమ్మగారు అదే మంచి పని అన్నారు. దిష్టి తీస్తానంటే తీయనివ్వు, ఆసుపత్రికి ఆలస్యం కాకుంటే చాలు.

అమ్మ ఇక్కడే రైలు ఎక్కుతుంది గనుక ఆమె చేతికి ఒక సంచి ఇచ్చి పంపుతున్నాను. అందులో డిజిటల్ థర్మామీటరు, రెండు సిరంజిలు, పది ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, ప్లాస్టరు చుట్ట, మా పిల్లల పాత నోట్‌బుక్కు ఉంటాయి. ఏ గంటకు ఎంత జ్వరం, ఏ మందు ఎన్ని మిల్లీలీటర్లు, ఎన్నిసార్లు మూత్రం, ఊపిరి ఎన్ని, ఇవన్నీ మేము అందులోనే రాసేవాళ్లం. డాక్టరు అడిగినప్పుడు గుర్తు తెచ్చుకునే బాధ ఉండదు. పెద్దవాడికి ఫిట్స్ వచ్చిన రాత్రి నేను రాసిన పేజీ కూడా అందులోనే ఉంది, చెయ్యి వణికి అక్షరాలు చెదిరాయి, చదవలేకపోతే అడుగు. దాని వెనక సగం పుస్తకం ఖాళీగా ఉంది. బాబు బరువు మొదటి గీత మీద రాసి, నాకు కూడా రాయి.

నీ
ప్రసాదు