సిగ్నల్ ఫుల్లు, నెట్ నిల్లు

సంపాదకులకు,

గ్రూప్స్‌కు, డీఎస్సీకి చదువుకునేవాళ్లతో జిల్లా గ్రంథాలయాల రీడింగ్ హాళ్లు పొద్దున్నే నిండిపోతున్నాయి. వైఫై పెట్టినచోట పదింటిదాకా బాగానే నడుస్తుంది. ఆ తర్వాత వచ్చినవాళ్ల ఫోన్లలో గీతలన్నీ నిండుగా ఉంటాయి, పేజీ మాత్రం తెరుచుకోదు. సిబ్బందిని అడిగితే ‘లైన్ ప్రాబ్లం, కంప్లెయింట్ పెట్టాం’ అంటారు. తీరా మనిషి వచ్చి చూస్తే లైను లక్షణంగా ఉంటుంది.

పొద్దున నడిచి మధ్యాహ్నానికి మొరాయిస్తే ముందు అనుమానించాల్సింది ఐపీ అడ్రసుల కొరతను, అంటే నెట్‌లోకి వెళ్లడానికి రూటర్ ఒక్కో ఫోనుకు ఇచ్చే నంబర్ల కొరతను. ఇళ్లకిచ్చే రూటర్‌నే హాలుకూ తగిలిస్తే అది పంచగలిగేవి మహా అయితే 253 అడ్రసులు. ఇచ్చిన అడ్రసు ఒకరి పేరిటే ఉండే గడువు, అంటే లీజు టైం, చాలా రూటర్లలో 86400 సెకన్లు, అంటే ఒక రోజు మొత్తం. అరగంట పేపరు తిరగేసి వెళ్లిపోయిన పెద్దాయన ఫోను పేరిట కూడా ఆ అడ్రసు రేపటిదాకా రిజర్వు అయి ఉంటుంది. తలా ఒక ఫోను, ఒక ల్యాప్‌టాప్ వేసుకుంటే 130 మంది చాలు, సంచి ఖాళీ. ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ 169.254తో మొదలైతే రూటర్ నుంచి దానికి అడ్రసు అందలేదన్నమాట. లీజును 3600 సెకన్లకు, అంటే గంటకు తగ్గిస్తే చాలావరకు తీరిపోతుంది. ఇంకా చాలకపోతే, ఎన్ని అడ్రసులు పంచవచ్చో తేల్చే సెట్టింగైన సబ్‌నెట్ మాస్క్‌ను 255.255.252.0కు మారిస్తే వెయ్యికి పైగా అడ్రసులు వస్తాయి. అందుకు ఒప్పుకోని చవక రూటర్లూ ఉన్నాయి, వాటిని మార్చాల్సిందే.

అడ్రసు సరిగ్గానే ఉండి నెట్ రాకపోతే మూడు పింగ్‌లతో (ఒక అడ్రసును ‘ఉన్నావా?’ అని అడిగి జవాబు కోసం చూసే పరీక్ష) తేలిపోతుంది. ముందు గేట్‌వేకు, అంటే హాల్లోని రూటర్‌కు, సాధారణంగా 192.168.1.1కి కొట్టాలి. జవాబు రాకపోతే తప్పు హాల్లోనే ఉంది: యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె), కేబుల్, కేబుళ్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్‌లలో ఏదో ఒకటి. అది పలికి, బయట నెట్‌లో ఉండే గూగుల్ అడ్రసు 8.8.8.8 పలకకపోతే అప్పుడు లైన్ కంపెనీకి ఫోన్ చేయండి. రెండూ పలికి, వెబ్‌సైటు పేరుతో కొడితే పలకకపోతే డీఎన్ఎస్, అంటే సైటు పేరును ఐపీ అడ్రసుగా మార్చే వ్యవస్థలో తేడా. ఓటీపీ అడిగే లాగిన్ పేజీ రాకపోవడానికి ఒక్కోసారి ఫోన్లోని ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ కారణం, దాన్ని కాసేపు ఆఫ్ చేసి చూడాలి.

యాక్సెస్ పాయింట్ ఉండుండి ఆగి, తనంతట తాను మళ్లీ ఆన్ అవుతుంటే కరెంటు చాలడం లేదేమో చూడాలి. పీఓఈ (పవర్ ఓవర్ ఈథర్నెట్) పద్ధతిలో ఆ కరెంటు కూడా నెట్ కేబుల్ గుండానే వస్తుంది. పాత రకం పీఓఈ స్విచ్ పోర్టుకు 15.4 వాట్లే ఇస్తుంది, కొత్త యాక్సెస్ పాయింట్లలో కొన్నింటికి 30 వాట్ల పోర్టు కావాలి. దానికి తోడు టెండర్లో రాగి అని రాసి, గోడలో రాగి పూత పూసిన అల్యూమినియం తీగ లాగేస్తారు. తీగ కొసను బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియమే. దూరం పెరిగేకొద్దీ అందులో వోల్టేజీ రాగి తీగలో కన్నా ఎక్కువగా పడిపోతుంది. అసలు రాగి తీగైనా 100 మీటర్లు దాటకూడదు.

ఒకే హాల్లో మూడు నాలుగు యాక్సెస్ పాయింట్లు ఉంటే 2.4 గిగాహెర్ట్జ్ వైఫై బ్యాండ్‌లో అన్నీ ఒకే ఛానల్ మీద కూర్చుంటే కుదరదు. ఒకదానికొకటి అడ్డురాని 1, 6, 11 ఛానళ్లను పంచుకోవాలి, ఛానల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటకూడదు. పవర్ మొత్తం పెంచేసినా లాభం లేదు: యాక్సెస్ పాయింట్ మాట ఫోనుకు వినిపిస్తుంది, ఫోను జవాబు దానికి చేరదు. ఇనుప బీరువాల వెనక బిగించిన వాటి సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇవన్నీ సరిచేయాలంటే సెట్టింగుల్లోకి వెళ్లాలి. చాలాచోట్ల అడ్మిన్ పాస్‌వర్డ్ ఎప్పుడో బిల్లు తీసుకుని వెళ్లిపోయిన కాంట్రాక్టర్ దగ్గరే ఉండిపోతుంది. దిక్కుతోచక ఎవరో పిన్నుతో రీసెట్ నొక్కుతారు. దాంతో మార్చిన సెట్టింగులన్నీ చెరిగిపోయి, లీజు మళ్లీ 86400కు వచ్చేస్తుంది.

ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున మనం గ్రంథాలయ పన్ను కడుతున్నాం కాబట్టి అడిగే హక్కుంది. జిల్లా గ్రంథాలయ సంస్థలు తుది బిల్లు చెల్లించే ముందు పాస్‌వర్డ్, కేబుల్ మార్గాల పటం, సెట్టింగుల బ్యాకప్ రాతపూర్వకంగా తీసుకోవాలి. ఖాళీ హాల్లో ఒక్క ఫోనుతో స్పీడ్ టెస్ట్ చూసి సంతకం పెట్టకుండా, హాలు నిండిన రోజు మధ్యాహ్నం పరీక్షించి పెట్టాలి.

— ఒక నెట్‌వర్క్ టెక్నీషియన్, రాజమహేంద్రవరం