ఆ 'మన'లో ఆమె ఉందా?

సంపాదకుల వారికి నమస్కారం.

ఆడపిల్లల్ని చిన్నప్పుడే మాతమ్మ అనే అమ్మవారికి అంకితమిచ్చి వదిలేసే మాతమ్మ ఆచారం మీద మీ పేపర్లో వచ్చిన ఉత్తరాలు చదివాను. 'ఎవరి ఆచారం వాళ్లది, బయటివాళ్లు తప్పుపట్టకూడదు' అని ఒకాయన రాశారు. కాలేజీల్లో దీన్ని సాంస్కృతిక సాపేక్షవాదం అంటారు. అందులో సగం నాకూ నచ్చుతుంది.

మా అమ్మ తన సొంత మేనమామనే చేసుకుంది. మా పక్క ఇది మామూలే. నాతో పనిచేసే బీహార్ ఆయన ఒకసారి భోజనానికొచ్చి, మాటల్లో ఈ సంగతి విని, కలిపిన ముద్ద చేతిలోనే పెట్టుకుని మా అమ్మానాన్నల వంక మార్చి మార్చి చూశాడు. వాళ్ల వైపు మేనకోడలంటే కూతురే. మా అమ్మేమో ఏమీ పట్టనట్టు ఇంకో గరిటె పప్పు వేసింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం కూడా ఇలాంటి పెళ్లిళ్లు కూడదంటూనే, ఆచారం ఉన్నచోట చెల్లుతాయని వదిలేసింది. (పుట్టే పిల్లలకు వచ్చే జబ్బుల గురించి డాక్టర్లు చెప్పేది నిజమే, అది ఇంకో ఉత్తరం.) ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల ప్రకటన తయారవుతున్నప్పుడు, అందులో పడమటి దేశాల విలువలనే అందరి నెత్తినా రుద్దొద్దని 1947లో అమెరికా మానవశాస్త్రవేత్తల సంఘమే హెచ్చరించింది. అంతవరకు సబబే.

మాతమ్మ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ మాట నాకు మింగుడుపడదు. చిన్నప్పుడు మా అవ్వ వాళ్ల ఊరి జాతరలో పలకల మోతకు ఆడుతున్న ఒకామెను చూశాను. మెడలో తాళి ఉంది, మొగుడు లేడు. పసిపిల్లగా ఉన్నప్పుడు జబ్బు చేస్తే అమ్మవారికి మొక్కుకుని వదిలేశారంట. ఆట అయ్యాక ఆమె గుడి వెనక కూర్చుని గజ్జెలు విప్పుకుంటుంటే, అక్కడ చేరిన మగవాళ్లు ఆమెతో మాట్లాడిన తీరు రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి రాదు. 'మన ఆచారం' అంటున్నారు కదా, ఆ 'మన'లో ఆమె ఉందా? మొక్కింది ఒకరు, మోసింది ఇంకొకరు. పైగా ఇలా వదిలేసే పిల్లలు ఎక్కువగా దళితవాడల వాళ్లే, ఆచారాన్ని వెనకేసుకొచ్చే పెద్దమనుషుల ఇళ్లలో పిల్లలు కాదు.

బయటివాళ్లు అంటారా, 1881 డిసెంబరులో రాజమండ్రిలో వితంతువుకు పెళ్లి చేయించిన కందుకూరి వీరేశలింగం ఎక్కడి బయటివాడు? ఆచారమే ధర్మమైతే ఆయన చేసింది తప్పు, ఆయన మీద కత్తి కట్టినవాళ్లది ఒప్పు అనాలి. అలా అనడానికి ఆ ఉత్తరం రాసినాయన కూడా ఒప్పుకోరనుకుంటా.

ఆడపిల్లల్ని ఇలా అంకితమివ్వడం నేరమని మన రాష్ట్రంలో 1988లోనే చట్టం చేశారు. ఇప్పుడు మిమ్మల్ని అడిగేది ఒకటే. ఈసారి దీని మీద రాసేటప్పుడు మీ విలేకరిని ఆ వాడలకు పంపండి, మాతమ్మలుగా బతికిన ఆడవాళ్లను అడిగి వాళ్ల మాట వేయండి. మా ఉత్తరాలు ఆ తర్వాత వేసుకోవచ్చు.

ఇట్లు,
ఒక పాఠకుడు,
కొర్లగుంట, తిరుపతి