ఉక్కు ఫ్యాక్టరీకి విలువ కట్టేముందు

సంపాదకుడు గారికి,

విశాఖ ఉక్కు ప్రస్తావన వచ్చినప్పుడల్లా ‘నష్టాల్లో ఉంది’, ‘వేల ఎకరాల భూమి ఉంది’ అనే రెండు మాటలే వినిపిస్తున్నాయి. ఈ రెండూ కలిపితే భూమి అమ్మి అప్పులు తీర్చేద్దామన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. నన్ను భయపెడుతున్నది అదే.

ఆ 20 వేల పైచిలుకు ఎకరాలు బజారులో కొన్నవి కావు. ఫ్యాక్టరీ కోసమని చెప్పి రైతుల నుంచి సేకరించినవి. చాలావరకు ఇప్పటికీ భారత రాష్ట్రపతి పేరిటే ఉన్నాయి. ఖాతా పుస్తకాల్లో భూమి విలువ ఆనాటి సేకరణ ధర ప్రకారమే కనిపిస్తుంది. లెక్కల పద్ధతిలో అది తప్పు కాదు. కానీ ఆ అంకె చూసి సంస్థను చవగ్గా అంచనా వేసినా, ఇవాళ్టి గాజువాక ప్లాట్ల ధరతో గుణించి ‘లక్ష కోట్లు’ అన్నా రెండూ పొరపాటే.

అసలు లోటు బ్యాలెన్స్ షీటులో కనపడదు. సొంత గనులు లేవు. సెయిల్, టాటా స్టీల్ తమ లీజు గనుల నుంచి ఇనుప ఖనిజం తవ్వుకుంటాయి. విశాఖ ఉక్కు మాత్రం ఎక్కువగా ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి, కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ చెప్పిన ధరకు కొనుక్కోవాలి. 2011లో ఒడిశాలో గనులున్న ఓఎండీసీ అనే సంస్థ విశాఖ ఉక్కు గొడుగు కిందకు వచ్చింది. అక్కడ లీజులు, అనుమతుల చిక్కులతో ఏళ్ల తరబడి తవ్వకాలే ఆగిపోయాయి. వాటాలు చేతిలో ఉన్నంత మాత్రాన ఖనిజం మనదైపోదు. తవ్వుకునే హక్కు లీజు బతికి ఉన్నంత వరకే.

2015 నుంచి గనులకు వేలమే మార్గం అంటున్నారు. నిజమే, కానీ 1957 గనుల చట్టంలోని 17ఎ సెక్షన్ కింద ప్రభుత్వ సంస్థలకు గనులు కేటాయించే వీలు ఇంకా ఉంది. సంస్థను ప్రైవేటుకు ఇచ్చేస్తే ఆ దారీ మూసుకుపోతుంది. 2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీ ఊరటే. అయితే ఖనిజం ఖర్చు తగ్గకపోతే ఆ డబ్బు ఎన్నాళ్లు ఆదుకుంటుంది?

17ఎ ఎందుకు వాడలేదో మన ఎంపీలు పార్లమెంటులో గట్టిగా అడగాలి. ఏ సర్వే నంబరు ఎవరి పేరున ఉందో, ఎంత భూమి వాడకంలో ఉందో ప్రభుత్వం బయటపెట్టాలి. ఆర్-కార్డులు (భూములు పోయినవారికి ఇచ్చిన పునరావాస కార్డులు) పట్టుకుని ఉద్యోగాల కోసం ఇంకా ఎదురుచూస్తున్న నిర్వాసితుల సంగతి తేల్చకుండా ఒక్క ఎకరా అమ్మకం గురించి కూడా మాట్లాడకూడదు.

— ఒక రిటైర్డ్ అకౌంటెంట్, గాజువాక, విశాఖపట్నం