తెర చూసి చదివితే మాకెలా ఎక్కుతుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

ఈమధ్య తిరుపతిలో మామిడి మీద సదస్సు పెడితే మా బంగారుపాళ్యం వైపు నుంచి రైతులం కొంతమందిమి వెళ్లాం. ఏళ్ల తరబడి చేసిన పరిశోధనను పది నిమిషాల్లో చెప్పడం తేలిక కాదు, అక్కడ మాట్లాడిన పరిశోధక విద్యార్థుల కష్టం మీద నాకు గౌరవం ఉంది, అందుకే ఇది రాస్తున్నాను. ఎక్కువమంది థీసిస్‌లోని పేరాలు, పట్టికలు ఉన్నవున్నట్టు స్లైడ్ల మీదికి ఎక్కించి, మాకు వీపు చూపించి చదువుకుంటూ పోయారు. మూడో వరుసలో ఉన్న నాకే అంకెలు కనపడలేదు. అయినా తెర మీదది చదువుతూ మనిషి చెప్పేది కూడా వినాలంటే ఎవరి వల్ల అవుతుంది?

ఎలా చెబితే బాగుంటుందో పండు ఈగ సంగతితోనే చూడండి. ఆడ ఈగ కాయ తోలు కింద గుడ్లు పెడుతుంది, పురుగులు గుజ్జు తిని ఆ తర్వాత నేలలోకి దిగుతాయి, మగ ఈగల్ని మిథైల్ యూజినాల్ అనే వాసన ఎరతో పట్టొచ్చు. కోసిన తోతాపురి కాయలో పురుగుల ఫోటో ఒకటి, కొమ్మకు కట్టిన ఎర బుట్టది ఒకటి, బుట్టలు పెట్టిన తోటలో ఎంత కాయ పాడైంది, పెట్టని తోటలో ఎంత అని చూపే బొమ్మ ఒకటి చాలు. పైన ‘ఫలితాలు’ అని రాసే బదులు తేలిందేమిటో ఒక్క వాక్యంలో రాస్తే ఆలస్యంగా వచ్చినవాడికీ అర్థమవుతుంది. ఒక అమ్మాయి మాత్రం కీబోర్డు మీద ‘బి’ నొక్కి (పవర్‌పాయింట్‌లో అలా నొక్కితే తెర నల్లగా అయిపోతుందట), బుట్టను చేత్తో పట్టుకుని మావైపు తిరిగి మాట్లాడింది. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కూడా తలెత్తి, ఎక్కడ దొరుకుతుంది, ఎకరాకు ఎన్ని కట్టాలి అని ప్రశ్నలు మొదలుపెట్టారు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ‘త్రీ మినిట్ థీసిస్’ అనే పోటీ మొదలుపెట్టింది. మూడు నిమిషాలు, ఒకే స్లైడు, ఆ సబ్జెక్టు తెలియనివాళ్లకు కూడా అర్థం కావాలి. ఎస్వీ యూనివర్సిటీ, మహిళా విశ్వవిద్యాలయం, ఐఐటీ, సైన్సు విద్యా పరిశోధన సంస్థ ఐసర్ ఉన్న తిరుపతిలో అలాంటి పోటీ తెలుగులో పెట్టి, మార్కులు వేసేవాళ్లలో మాలాంటి రైతుల్ని కూడా కూర్చోబెట్టండి, ఛార్జీలు పెట్టుకుని వస్తాం.

నిర్వాహకులకు ఒక మనవి. సన్మానాలు, ఉపన్యాసాలు మధ్యాహ్నం దాకా సాగితే చివరికి విద్యార్థుల్ని రెండు నిమిషాల్లో ముగించమంటున్నారు, రాత్రంతా టెన్షన్ పడి తయారై వచ్చిన పిల్లలకు అది అన్యాయం. వాళ్ల పేపర్లు పొద్దున్నే పెట్టండి.

- ఒక మామిడి రైతు, బంగారుపాళ్యం, చిత్తూరు జిల్లా