పంచాయతీ ఏడాది లెక్క నా అరువు పుస్తకంలో ఉందండి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను కోనసీమలో ఏటిగట్టుకి దగ్గరగా ఉన్న ఒక ఊళ్ళో కిరాణా కొట్టు నడుపుతున్నాను. కొట్టు సరిగ్గా పంచాయతీ ఆఫీసుకి ఎదురుగా ఉంటుంది, మధ్యలో రోడ్డూ ఒక బాదం చెట్టూ తప్ప ఏమీ లేవు, కాబట్టి ఆఫీసు ఎన్నింటికి తీశారో, ఎవరొచ్చారో, ఎవరు తిట్టుకుంటూ వెళ్ళారో చూడాలని లేకపోయినా కనిపిస్తుంది. ఊరి పేరు రాయడం లేదు. ఎవరి మీదా పితూరీ చెప్పాలని కాదు, పైగా రేపు పొద్దున్న టీ పొడికి మళ్ళీ వాళ్ళే నా కొట్టుకి రావాలి.

విషయం ఏమిటంటే, ఇంకో రెండు రోజుల్లో 2020 అయిపోతోంది. ఇలాంటి సంవత్సరం మా నాన్నగారు చూడలేదు, తాతగారూ చూసి ఉండరు. ఈ ఏడాదంతా మా పంచాయతీ ఏం చేసింది, ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అని ఊరికి ఒక్క ముక్క చెప్పినవాళ్ళు లేరు. ఆఫీసు గోడకి అద్దాల నోటీసు బోర్డు ఒకటి ఉంది. అద్దం ఒక మూల పగిలింది, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలీదు. లోపల రెండే కాగితాలు. ఒకటి చేతులు ఎలా కడుక్కోవాలో చూపించే బొమ్మల కాగితం. రెండోది మార్చిలో ఎంపీటీసీ (మండల పరిషత్ సభ్యుల) ఎన్నికలకి అంటించిన పోలింగు కేంద్రాల జాబితా. ఆ ఎన్నికలు మార్చి 15న వాయిదా పడ్డాయి, ఆరు వారాలన్నారు, తొమ్మిది నెలలైంది, కాగితం పసుపు రంగుకి వచ్చింది గానీ అక్కడే ఉంది. మా ఊళ్ళో కాలం ఎక్కడ ఆగిపోయిందో తెలుసుకోవాలంటే ఆ బోర్డు చూస్తే చాలు.

మొన్న రాత్రి కొట్టు కట్టేశాక అరువు పుస్తకం తీసి డిసెంబరు పద్దులు కూడుతుంటే ఒకటి తట్టింది. పంచాయతీ వాళ్ళు నా దగ్గర ఖాతా మీదే సామాన్లు తీసుకెళ్తారు. వాళ్ళ పేజీ మార్చి నుంచి చదువుకుంటూ వస్తే ఈ సంవత్సరం మా ఊళ్ళో జరిగిందంతా అందులోనే ఉంది. బోర్డు మీద ఉండాల్సిన లెక్క నా పుస్తకంలో ఉంది!

మార్చి 26, లాక్‌డౌన్ మొదలైన రెండో రోజు: నైలాన్ తాడు రెండు చుట్టలు, సున్నం ఒక బస్తా. తాడు దేనికంటే ఊరి మొదట్లో సరుగుడు కర్రలు అడ్డం కట్టడానికి. సున్నం నా కొట్టు ముందే సగం అయిపోయింది, మనిషికీ మనిషికీ మధ్య దూరం అని ఒక ఇరవై గళ్ళు గీశారు, జనం ఆ గళ్ళల్లో చెప్పులు పెట్టి వెళ్ళి చెట్టు కింద గుంపుగా కూర్చునేవాళ్ళు. ఏప్రిల్ 4న బియ్యం కార్డు ఉన్న ప్రతి ఇంటికీ వెయ్యి రూపాయలు గ్రామ వాలంటీర్లు తీసుకెళ్ళి ఇచ్చారు. ఆ సాయంత్రం నా కొట్లో కందిపప్పు బస్తా ఖాళీ అయింది. ఇది పంచాయతీ పేజీలోది కాదు, ఊరికే గుర్తొచ్చి రాశాను.

మే నెలలో బకెట్లు, మగ్గులు, సబ్బులు, బిస్కెట్ ప్యాకెట్లు. కువైట్ నుంచీ దుబాయ్ నుంచీ మనవాళ్ళు రావడం అప్పుడే మొదలైంది, మా హైస్కూలులో క్వారంటైన్ పెట్టారు. కోనసీమలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి ఉండదు కదండీ, కాబట్టి అక్కడున్నది ఎవరో పరాయివాళ్ళు కాదు, అయినా ఆ స్కూలు వైపు రోడ్డు మీద నడవడానికి కూడా భయపడ్డాం. నేనూ భయపడ్డాను, దాచేదేముంది. సబ్బుల పెట్టె గేటు దగ్గర పెట్టి వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను.

జులై, ఆగస్టు పేజీ నిండా ఫినాయిలు, బ్లీచింగు, మాస్కులు, చేతి తొడుగులు. బ్లీచింగు మండలం నుంచి రావాలి, వచ్చేది కూడా, కానీ ఎప్పుడూ నాలుగు రోజులు లేటు. ఈ మధ్యలో సరిపెట్టడానికి నా దగ్గర డబ్బాలు తీసుకెళ్ళేవాళ్ళు. తూర్పు గోదావరి కేసుల్లో రాష్ట్రంలోనే మొదటి స్థానానికి వెళ్ళింది అప్పుడే, తర్వాత లక్ష కూడా దాటింది. ఆ రోజుల్లో హైపో (వీధుల్లో చల్లే క్రిమిసంహారక మందు) డబ్బా వీపుకి కట్టుకుని వీధులన్నీ తిరిగింది ఇద్దరే ఇద్దరు, ఒక మగమనిషి, ఒక ఆడమనిషి. ఆవిడ ఒకరోజు మధ్యాహ్నం కొట్టు ముందు డబ్బా దింపి కూర్చుంది. మోచేతుల దాకా చర్మం తెల్లగా పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. "ఏమ్మా, చేతులకి తొడుగులు ఇవ్వలేదా?" అన్నాను. "ఇచ్చారు బాబాయ్, ఒక జత, చిరిగిపోయింది, జీతమే ఇచ్చి మూడు నెలలైంది, తొడుగులు అడిగితే ఏం బాగుంటది" అంది. ఒక జత తీసి ఇచ్చాను, ఎవరి ఖాతాలో రాయాలో తెలీక ఎక్కడా రాయలేదు.

ఆ ఆగస్టులోనే గోదారి వరద వచ్చింది. టీవీలో భద్రాచలం 60 అడుగులు దాటిందని చెప్పగానే మాకు అర్థమైంది, నీళ్ళు ఇక్కడికి దిగడానికి ఎంత సేపు పడుతుందో ఏటి మధ్య లంకల వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర మూడో హెచ్చరిక ఎగరేశారు, అంటే 17.75 అడుగులు. 20 లక్షల క్యూసెక్కులు పైనే సముద్రంలోకి వదులుతున్నారంటే మధ్యలో ఉన్న మా లంకల పరిస్థితి ఆలోచించండి. అప్పుడు వచ్చిన చిక్కు ఏమిటంటే, వరదొస్తే లంకల వాళ్ళు ఎప్పుడూ తలదాచుకునేది హైస్కూలులోనే, ఈసారి అది క్వారంటైన్ బడి. ఒకే బడి, రెండు ఆపదలు. మామూలుగా ఒక గదిలో ఐదారు కుటుంబాలు సర్దుకుంటాయి, దూరం పాటించండి అని మైకులో చెబుతుంటే నడుముల్లోతు నీళ్ళలోంచి గేదెల్ని తోలుకుంటూ వచ్చిన మనిషికి ఏ దూరం కనిపిస్తుంది? చివరికి పాత పాజిటివ్‌ల గదులకి తాళం వేసి, వరండాలో బెంచీలు అడ్డం పెట్టి, మిగతావాళ్ళని కల్యాణ మండపానికి పంపారు. బాగానే చేశారు. నిజంగా బాగానే చేశారు, దానికి పంచాయతీ కార్యదర్శినీ గ్రామ సచివాలయంలో పనిచేసే పిల్లల్నీ మెచ్చుకోవాలి, రెండు రాత్రులు వాళ్ళు ఇళ్ళకి పోలేదు. నా పుస్తకంలో ఆ తేదీన ఉన్నది: ఖాళీ గోనె సంచులు 60, కొవ్వొత్తులు 4 పెట్టెలు, అగ్గిపెట్టెలు, అటుకులు 25 కేజీలు, బెల్లం. సంచులు ఏటిగట్టు మీద ఒకచోట నీరు ఊరుతుంటే ఇసుక నింపి వెయ్యడానికి. బియ్యం ఖాళీ చేసిన సంచులు నేను సంవత్సరమంతా దాచి పెట్టుకుంటాను, ఏటి పక్క కొట్టు కదా.

ఇంత పని జరిగిందండి. మరి ఊరికి చెప్పడానికి ఏమొచ్చింది?

గ్రామ సభ ఏడాదికి కనీసం రెండుసార్లు పెట్టాలని, గడిచిన సంవత్సరం జమాఖర్చులూ ఆడిట్ రిపోర్టూ పరిపాలన నివేదికా ఆ సభలో జనం ముందు పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. నేను కొత్తగా కోరుతున్నదేమీ లేదు. అయితే అడగడానికి సర్పంచ్ ఏరీ? 2013లో గెలిచిన పాలకవర్గాల గడువు 2018 ఆగస్టులో అయిపోయింది, అప్పటి నుంచీ స్పెషల్ ఆఫీసర్ల పాలనే. మా ఊరికి ఉన్న ఆఫీసరు గారికి ఇంకో మూడు ఊళ్ళు, వాటి మీద ఆయన అసలు ఉద్యోగం. ఆయన తప్పు అనను, ఆయన మా ఓటు అడిగిన మనిషి కాదు, మాకు జవాబు చెప్పాలని ఆయనకి తోచకపోవచ్చు. ఫిబ్రవరిలో ఎన్నికలు పెడతామని ఎన్నికల సంఘం, కరోనా ఉండగా ఇప్పుడెలా అని ప్రభుత్వం, మధ్యలో హైకోర్టు. అవన్నీ తేలేవరకు మా ఊరి లెక్క ఆగాలా?

కార్యదర్శిని అడిగాను. కుర్రాడు మంచివాడే, నన్ను బాబాయ్ గారూ అనే పిలుస్తాడు. "అన్నీ ఆన్‌లైన్లో ఉంటాయండి బాబాయ్ గారు" అన్నాడు. ఆన్‌లైన్లో ఉంటే ఉండొచ్చు, మా ఊళ్ళో నెట్ అందేది సచివాలయం మెట్ల మీదా మా డాబా మీదా. కొబ్బరి దింపుకార్మికుడు చెట్టెక్కి చూసుకోవాలా?

జమ వైపు కూడా చెప్పాలి కదా. మా పంచాయతీకి ఇంటి పన్ను, కుళాయి పన్ను కాక, చెరువు పాట (వేలం), రేవు పాట, చెరువు గట్టు మీద కొబ్బరి చెట్ల పాట, వారం సంతలో ఆశీలు, ఇవీ ఆదాయాలు. సంత మార్చి నుంచి నెలల తరబడి లేదు. రేవులో పడవ తిరగలేదు. పాట పాడినవాడు సొమ్ము తగ్గించమన్నాడట, తగ్గించారో లేదో తెలీదు. కేంద్రం 15వ ఆర్థిక సంఘం కింద ఇచ్చే గ్రాంటులో సగం పారిశుద్ధ్యానికీ తాగునీటికే వాడాలని ఈ ఏడాది నుంచి రూలు ఉంది, మరి ఆ సగం మా ఊరికి వస్తే ఆ హైపో కొట్టిన ఆవిడ చేతి తొడుగులకి ఎందుకు రాలేదు? బిల్లులు సీఎఫ్‌ఎంఎస్‌లో (ప్రభుత్వం బిల్లులు చెల్లించే ఆన్‌లైన్ పద్ధతిలో) ఆగాయంటారు, ఆగితే ఆగాయనే రాయండి బోర్డు మీద. ఆఫీసు గోడలకి ఆ మధ్య అధికార పార్టీ రంగులు వేశారు, జూన్‌లో ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఓడిపోయాక మళ్ళీ తెల్ల సున్నం వేశారు. వేసినదానికి ఎంత, చెరిపినదానికి ఎంత? రెండు అంకెలు చెబితే సరిపోతుంది.

డబ్బు కన్నా నాకు ఎక్కువ టెన్షన్ నీళ్ళ గురించి. ఈ నెల మొదట్లో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు, 600 మందికి పైగా. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఢిల్లీ ఎయిమ్స్ చెప్పింది, అవి ఎలా వచ్చాయన్నది వేరే సంగతి. ఏలూరు మనకి ఎంత దూరం? మేం తాగేది కాలువ నీళ్ళు నింపిన చెరువులోవి, ఫిల్టరు బెడ్లలోంచి ట్యాంకుకి ఎక్కుతాయి. ట్యాంకు కడిగిన తేదీ దాని మీదే పెయింటుతో రాయాలి కదండీ. మొన్న వెళ్ళి చూశాను. 2019 అని ఉంది, నెల మీద నాచు పట్టి కనిపించడం లేదు. వాచ్‌మన్‌ని అడిగితే "మొన్న వరద తర్వాత కడిగారండి, పెయింట్ లేక తేదీ వెయ్యలేదు" అన్నాడు. నిజమే అయ్యుండొచ్చు. కానీ వరద నీళ్ళు చెరువు గట్టు దాకా వచ్చిన సంవత్సరంలో, ఏలూరు సంగతి విన్నాక, "అయ్యుండొచ్చు" అనుకుని పిల్లలకి నీళ్ళు పట్టలేం.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. ఇంటి పన్ను రెండేళ్ళుగా కట్టలేదు, ఈ ఉత్తరం రాయడానికి ముందు నిన్ననే వెళ్ళి కట్టి రసీదు తీసుకున్నాను, లేకపోతే "ముందు నువ్వు కట్టావా" అంటారని. సర్పంచ్ ఉన్న రోజుల్లో గ్రామ సభలు జరిగినప్పుడు కొట్టు వదిలి రోడ్డు దాటి వెళ్ళింది ఒక్కసారి, అదీ భోజనాలు పెట్టారని. పంచాయతీ నాకు ఇవ్వాల్సిన బాకీ 4,860 రూపాయలు. దాని కోసమే ఇదంతా రాశానని అనుకునేవాళ్ళు అనుకోనీండి, కొంచెం దాని కోసం కూడా.

ఇప్పుడు బ్రిటన్‌లో కొత్త రకం వైరస్ అంటున్నారు, కృష్ణా జిల్లాలో టీకాకి డ్రై రన్ (ముందస్తు రిహార్సల్) చేశారు. రేపు టీకా వస్తే ఎవరికి ముందు, ఎక్కడ వేస్తారు, మళ్ళీ ఆ హైస్కూలేనా అని జనం మా కొట్టు ముందే మాట్లాడుకుంటున్నారు, ఒక్కొక్కళ్ళు ఒక్కో కథ చెబుతున్నారు. ఆఫీసు గోడ మీద ఒక మాట ఉంటే ఇన్ని కథలు పుట్టవు.

అందుకని జిల్లాలో ఉన్న అధికారులకి మీ పత్రిక ద్వారా మనవి. సంక్రాంతికి పిల్లలంతా ఊళ్ళకి వస్తారు, దానికి ముందే ప్రతి పంచాయతీ ఒక్క కాగితం, తెలుగులో, చేత్తో రాసినా సరే, బోర్డులో పెట్టమనండి. ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది, ఎవరికి ఎంత బాకీ, పారిశుద్ధ్యం పనివాళ్ళకి ఏ నెల వరకు జీతాలు ఇచ్చారు, ట్యాంకు ఎప్పుడు కడిగారు. అంతే. మా ఊరికైతే బోర్డు అద్దం, తాళం నేనే మార్పిస్తాను, ట్యాంకు మీద తేదీ వెయ్యడానికి నీలం పెయింటు డబ్బా ఒకటి కొట్లో ఉంది, అదీ ఇస్తాను. పంచాయతీ ఖాతాలో రాయను.

ఇట్లు,
ఒక కిరాణా కొట్టు యజమాని,
కోనసీమ, తూర్పు గోదావరి జిల్లా.