వార్షిక నివేదిక: పంపిణీ ఒక్కపూట, మరమ్మతు ఏడాది పొడుగునా

మన వికలాంగుల సంఘం సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు. ఏ పని ఎందుకు చేపట్టాం, పరికరాలు ఎక్కడ చెడుతున్నాయి, కాగితాలు ఎక్కడ ఆగుతున్నాయి అన్నవే ఇందులో ఉన్నాయి.

కొత్త సభ్యుల కోసం కాస్త వెనక్కి వెళ్దాం. తెలుగునాట వికలాంగుల సంఘమంటే ఒకప్పుడు దాతల గడప తొక్కి ట్రైసైకిల్ అడిగే నలుగురు మనుషులు. కృత్రిమ అవయవాలు, సహాయ పరికరాలు తయారుచేసే ప్రభుత్వ సంస్థ అలిమ్కో కాన్పూరులో 1972లో ఏర్పడింది, ఆ పరికరాలు వికలాంగులకు అందించే అడిప్ పథకాన్ని 1981లో కేంద్రం తెచ్చింది. పరికరాలు ప్రభుత్వం నుంచి రావడం మొదలయ్యాక, శిబిరాలకు జనాన్ని చేర్చడం సంఘాల పని అయింది. 1995 నాటి వికలాంగుల చట్టం 1996 ఫిబ్రవరి 7న అమల్లోకి వచ్చింది. అప్పటిదాకా బతిమాలినవాళ్లు ఆ తర్వాత చట్టం చూపించి అడగగలిగారు. గుర్తించినవి ఏడు వైకల్యాలే, ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 శాతమే, అయినా చేతిలో ఒక కాగితం ఉంది. 2000 తర్వాత వెలుగు అనే ప్రభుత్వ పేదరిక నిర్మూలన కార్యక్రమం కింద ఊళ్లలో వికలాంగుల పొదుపు సంఘాలు, వాటిపైన మండల సమాఖ్యలు వచ్చాయి. తీర్మానాల పుస్తకం రాయడం, బ్యాంకుకు వెళ్లి సంతకం పెట్టడం చాలామందికి అక్కడే అలవాటైంది. ఈ రోజు జిల్లా సమావేశాల్లో మైకు పట్టుకుంటున్నవాళ్లలో ఆ బడిలో చదివినవాళ్లు ఎక్కువ.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. ఏడు వైకల్యాలు కాస్తా 21 అయ్యాయి. రిజర్వేషన్ ఉద్యోగాల్లో 4 శాతం, ఉన్నత విద్యలో 5 శాతం, అందుకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి. మన సంఘాలు మాత్రం ఈ విస్తరణకు తగ్గట్టు మారలేదనే చెప్పాలి. పోలియో కాలంలో పుట్టినవి కావడంతో సభ్యత్వ ఫారంలో నిన్నటిదాకా కాళ్లు, చేతులు, కళ్లు, చెవులే ఉన్నాయి. తలసేమియా పిల్లవాడి తల్లి ఏ గడిలో టిక్కు పెట్టాలి? యాసిడ్ దాడికి గురైన అమ్మాయి? ఫారం ఈ ఏడాది మార్చాం. ఇక పేరు సంగతి. వికలాంగులు, దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు అంటూ ప్రతి సమావేశంలో అరగంట పోతోంది. చట్టం వచ్చిన తీరు గుర్తుపెట్టుకుని ‘వికలాంగులు’ అన్న పాత మాటే ఇక్కడ వాడాం, నచ్చనివారు మన్నించాలి.

ఈ ఏడాది ఎక్కువ సమయం మరమ్మతులకే పోయింది. శిబిరంలో బండి ఇచ్చే రోజు ఫొటో ఉంటుంది. ఆరు నెలలకు ట్యూబు పోతే అడిగే నాథుడు ఉండడు. ఇంటి మూల చేరిన వీల్‌చైర్లలో చాలావాటికి కావలసింది కొత్త బండి కాదు, గాలి.

గాలి ఎందుకంత ముఖ్యమో విడమరచి చెప్పాలి. వీల్‌చైర్ బ్రేకు లివరు టైరును నొక్కి పట్టుకుంటుంది. టైరు మెత్తబడితే బ్రేకు వేసినా పట్టు ఉండదు. మంచం మీదికి మారేటప్పుడు బండి వెనక్కి జారి మనిషి కింద పడతాడు. బ్రేకు పాడైందనుకుని దాన్ని బిగిస్తూ పోతారు, లోపం టైరులో ఉంటుంది. బొటనవేలితో టైరును గట్టిగా నొక్కండి. అర సెంటీమీటరు కన్నా ఎక్కువ దిగితే గాలి కొట్టాలి, ఆ తర్వాతే బ్రేకు సరిచేయాలి. వారానికోసారి చేసే పని ఇది.

తర్వాతి ఫిర్యాదు ముందు చిన్న చక్రాలు బిగుసుకోవడం. తీసి చూస్తే ఇరుసు చుట్టూ వెంట్రుకలు, చీరపోగులు, గోనెదారం తాడులా పేనుకుని ఉంటాయి. బ్లేడుతో కోసి, తుడిచి, కొద్దిగా గ్రీజు పెడితే చాలు. కూర్చునే గుడ్డ సాగి ఉయ్యాలలా దిగితే మాత్రం గుడ్డ మార్చాల్సిందే. రెండు తొడలూ లోపలికి కూరుకుని నడుము ఒక పక్కకు ఒరిగిపోతుంది. వెన్నుపూస దెబ్బతిని స్పర్శ లేనివారికి ఇది నేరుగా పుండుకు దారి. మెత్త ఉన్నా సరే, 15 నుంచి 30 నిమిషాలకోసారి ముందుకు వంగో, పక్కకు ఒరిగో ఒకటి రెండు నిమిషాలు పిరుదుల మీది బరువు తీయాలి.

కొలత తప్పిన బండి మరో తలనొప్పి. శిబిరంలో అందరికీ ఒకే సైజు వస్తుంది. కూర్చున్నప్పుడు మోకాలి వెనుక భాగానికీ సీటు అంచుకూ మధ్య 3 నుంచి 6 సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే అంచు ఒరుసుకుంటుంది, దాంతో మనిషి ముందుకు జారి కూర్చుంటాడు. తుంటి పక్కన అరచేయి సులువుగా దూరి ఆడుతోందంటే బండి వెడల్పు ఎక్కువైనట్టే. చేతులు చక్రాల దాకా చాచాల్సి వచ్చి భుజాలు నొప్పెడతాయి.

చేతితో తిప్పే ట్రైసైకిల్‌కు చైనే ప్రాణం. మధ్యలో వేలితో నొక్కితే సుమారు ఒక సెంటీమీటరు ఆడాలి. మరీ వదులైతే ఎత్తు ఎక్కేటప్పుడు ఊడుతుంది, మరీ బిగువైతే తిప్పే చేతికి భారం. కిరసనాయిలుతో కడిగి ఆరబెట్టి మిషను నూనె వేయాలి. మట్టి మీదే నూనె పోస్తే అది గరుకు ముద్దై పళ్లను అరగదీస్తుంది. చంక కర్రలవాళ్లు కింది రబ్బరు బుష్‌ను తిప్పి చూసుకోవాలి, దాని గాట్లు అరిగి నున్నబడితే తడి నేల మీద జారుతుంది. కర్ర పైభాగానికీ చంకకూ మధ్య రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. బరువు చేతుల మీద మోయాలి, చంక మీద కాదు. చంకలో నరం నలిగితే చేయి తిమ్మిరెక్కి మణికట్టు వాలిపోతుంది.

చెవి మిషన్ల గురించి ఒక్కమాట. జింక్-ఎయిర్ బ్యాటరీ మీది స్టిక్కరు పీకితే గాలి తగిలి బ్యాటరీ మొదలవుతుంది. మళ్లీ అంటించినా అయిపోవడం ఆగదు, కాబట్టి వాడబోయే రోజే పీకాలి. పిల్లల మిషన్ కీచుమంటుంటే ముందు చూడాల్సింది చెవిలో అమర్చే అచ్చు. చెవి పెరిగి అచ్చు వదులైతే శబ్దం బయటికి కారి కీచుమంటుంది.

వైకల్య సర్టిఫికెట్ల విషయంలో మన సహాయ కేంద్రానికి వచ్చిన గొడవల్లో చాలావరకు పేరు, పుట్టినతేదీ ఆధార్‌తో కలవకపోవడమే. సదరం (వైకల్య శాతం తేల్చే వైద్య పరీక్ష) స్లాటు బుక్ చేసే ముందే ఆధార్ సరిచేసుకుంటే ఒక విడత తిరుగుడు తప్పుతుంది. పాత పరీక్షల కాగితాలు, ఆపరేషన్ జరిగి ఉంటే డిశ్చార్జి చీటీ వెంట ఉండాలి. ‘తాత్కాలికం’ అని ఉన్న సర్టిఫికెట్‌కు గడువు తేదీ ఉంటుంది, పింఛను ఆగిన తర్వాతగానీ అది ఎవరి కంటా పడదు.

శాతం మీద ఇంకో అపోహ. రెండు వైకల్యాలుంటే శాతాలు కూడేస్తారనుకుంటారు. పెద్ద శాతానికి, చిన్న శాతాన్ని తొంభైలోంచి పెద్ద శాతం తీయగా మిగిలినదానితో గుణించి తొంభైతో భాగించగా వచ్చినది కలుపుతారు. కాలికి 45, చేతికి 30 ఉందనుకోండి. 90లోంచి 45 తీస్తే 45. 30ని 45తో గుణించి 90తో భాగిస్తే 15. మొత్తం 60, అందరూ ఆశించే 75 కాదు. డాక్టరు కోత పెట్టారని గొడవకు దిగే ముందు ఈ లెక్క వేసుకోండి. లెక్కే తప్పితే అప్పీలు చేసే హక్కు చట్టంలో ఉంది, కేంద్రంలో ఫారం రాసిపెడతాం.

ర్యాంపులు, అంటే మెట్ల పక్కన కట్టే వాలుదారులు, చూసొచ్చాం. చాలాచోట్ల ర్యాంపు ఉంది, ఎక్కలేం. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. 15 సెంటీమీటర్ల మెట్లు మూడుంటే 5.4 మీటర్లు. రెండు మీటర్లలో ముగించిన దాని మీద చక్రాల బండి వెనక్కి దొర్లుతుంది. నున్నటి టైల్స్ వేసి అద్దంలా మెరిపించినచోట వానపడితే కర్రలవాళ్లు అడుగే పెట్టలేరు. సిమెంటు ఆరకముందే చీపురుతో గీతలు గీస్తే సరిపోయేది.

వచ్చే ఏడాదికి గాలి పంపులు, పంక్చర్ సామాను, చైను ముక్కలు, రబ్బరు బుష్‌లు సంఘం గదిలో ఉంచాలని కార్యవర్గం తీర్మానించింది. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు సర్టిఫికెట్ జిరాక్సు ఒకటి తీసుకురండి. గడువు తేదీ రిజిస్టరులో ఎక్కించుకుని మూడు నెలల ముందే ఫోను చేస్తాం.